గనిలో కొలిచెడి ఉక్కను గని పైనను కొలువవలెను

ఏటేటా చైత్రము గడచి వైశాఖము ప్రవేశించునప్పటికి రామగుండము, మంచిర్యాల, నస్పూరు పేర్లు దినపత్రికల మొదటి పుటలకెక్కును; నిన్న 44, నేడు 45, రేపు 46 డిగ్రీలని అంకెలు పెరుగుచున్న కొలది హెచ్చరికలు వెలువడును, చలివేంద్రములు వెలయును, మధ్యాహ్నవేళ వీథులు నిర్మానుష్యములగును. తొలకరి చినుకులు పడి ఆ అంకె 36కో 35కో దిగినంతనే, గండము గడచినదను నిశ్చింతతో పందిళ్ళు విప్పి, హెచ్చరికలు మాని, అధికారులును పౌరులును వేడిమి సంగతిని మరుసటి వేసవి వరకు మరచిపోవుదురు. ఈ నిశ్చింతకు ఆధారమైన అంకె సంపూర్ణమైనది కాదు. మానవ శరీరము వేడిని అనుభవించెడి తీరును అది సగము మాత్రమే చెప్పును. మిగిలిన సగమును కొలిచెడి విధానము ఈ ప్రాంతపు బొగ్గుబావుల గర్భముననే దశాబ్దములుగా చట్టబద్ధముగా అమలునందున్నది. దానిని భూమి పైకి తెచ్చుట మాత్రము ఇంతవరకును ఎవరి బాధ్యతయు కాకపోయినది. ఇకమీదట అట్లు కాకూడదని వాదించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నస్పూరు గోదావరికి ఉత్తర తీరమున, మంచిర్యాలను ఆనుకొని, సింగరేణి సంస్థవారి శ్రీరాంపూర్ ఏరియా గనుల నడుమ పెరిగిన ఊరు. ఆర్‌కే గనులు, ఎస్‌ఆర్‌పీ గనులు, శ్రీరాంపూర్, ఇందారం ఓపెన్‌కాస్టులు (పైనుండి త్రవ్వెడి గనులు) దీని పరిసరములందే ఉన్నవి. సీసీసీ కాలనీలోని కార్మికుల క్వార్టర్లు మొదలు 2023 జూన్‌లో ప్రారంభమైన జిల్లా కలెక్టరేటు వరకు అన్నియు ఈ ఊరి ఎల్లలలోనివే. నది దాటిన గోదావరిఖని, రామగుండము. సముద్రమట్టమునకు ఈ నేల ఎత్తు సుమారు 150 మీటర్లు మాత్రమే. కొండ చల్లదనము దీనికి లేదు. సముద్రము 300 కిలోమీటర్లకు పైగా దూరము. సాయంకాలపు కడలి గాలియు దీనికి రాదు. లోతట్టు నేలకు సహజమైన పొడి ఎండ, పెద్ద నది వెంబడి నేలకు సహజమైన తేమ, ఈ రెండును ఒకే సంవత్సరములో ఒకదాని వెనుక ఒకటి వచ్చి పీడించుట ఈ లోయ ప్రత్యేకత.

మన పెద్దలు సంవత్సరమును కార్తెలుగా విభజించి, సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమందు నిలుచు పదమూడు పదునాలుగు దినములకు ఒక్కొక్క స్వభావమును నిర్ణయించిరి. మే నెల చివర ప్రవేశించు రోహిణి కార్తెలో వాయవ్య దిక్కు నుండి వీచు గాలి, విదర్భ మైదానముల వేడినంతయు మోసికొని వచ్చి, ఈ లోయలో వడగాలియై తగులును. గాలిలో తేమ యుండదు, పెదవులు పగులును, చెమట పట్టకముందే ఆరిపోవును. జూన్ రెండవ వారమున మృగశిరతోపాటు నైరృతి ఋతుపవనము తెలంగాణమున అడుగిడును. రాష్ట్రపు సగటు వర్షపాతము 900 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు ఈ ఋతుపవనపు నాలుగు నెలలలోనే కురియును. ఉత్తరపు అడవి జిల్లాలకు ఆ సగటు కంటె మిక్కిలి వాన వచ్చును. ఆర్ద్ర, పునర్వసు కార్తెలలో గోదావరి పొంగును. 2022 జూలైలో పొంగి మంచిర్యాల కాలనీలను ముంచిన వరద ఎవరి స్మృతి నుండియు ఇంకను తొలగలేదు. ఆ వానల నడుమ తెరపి యిచ్చిన దినములలోను, భాద్రపదమున మబ్బు విడిన మధ్యాహ్నములలోను, ఉత్తర, హస్త కార్తెల వరకును, తడిసిన నేల నుండియు, నిండిన చెరువుల నుండియు, నదీ జలాశయముల నుండియు ఆవిరి లేచి గాలిని నింపును. వడగాలి పోయిన చోట ఉక్కపోత నిలుచును. పుష్యమాసపు చలి యొక్క నెలకో నెలన్నరకో పరిమితము. మొత్తము మీద ఏడాదిలో కనీసము ఎనిమిది నెలలు ఈ లోయ వాసుల దేహములు ఏదో యొక రూపమున వేడితో పోరాడుచునే యుండును. మన ప్రభుత్వపు లెక్కలలో మాత్రము ఆ పోరాటము ఏప్రిల్, మే నెలలతో ముగియును.

ఈ రెండు వేడిమిల భేదము శరీరధర్మమునందున్నది. మనుష్యుని లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల చుట్టును నిలువవలెను. కష్టించి పనిచేయువాని కండరములు విశ్రాంతిలో నున్నవాని కంటె అనేక రెట్లు వేడిని పుట్టించును. ఆ వేడి వెలికి పోవలెను. బయటి గాలి చర్మము కంటె వేడిగా నున్నప్పుడు దేహమునకు మిగిలిన మార్గము చెమట యొక్కటే. అయితే చెమట కారినంత మాత్రమున చల్లదనము కలుగదు. అది ఆవిరియై పోవుటచేతనే కలుగును. మట్టికుండలోని నీరు వైశాఖమున జిల్లుమనుటకును, శ్రావణమున గోరువెచ్చగా నుండుటకును కారణమేదియో, మన దేహము వేసవి కంటె వానకాలమున నిస్సహాయమగుటకును కారణమదియే: గాలి అప్పటికే తేమతో నిండియున్నచో ఇంకొక ఆవిరి బొట్టునకు అందు చోటుండదు. ఆవిరిని గ్రహించు గాలి శక్తిని కొలుచుటకు రెండు ఉష్ణమాపకములు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలిలో త్రిప్పినచో, గుడ్డలోని నీరు ఆవిరియగుచు దానిని ఎంతవరకు చల్లబరచునో ఆ అంకెయే తడి ఉష్ణోగ్రత, గనులలో వాడుకగా వెట్ బల్బ్.

ఉదాహరణగా మే నెలలో 45 డిగ్రీల మధ్యాహ్నము గాలిలో తేమ నూటికి 20 పాళ్ళున్నదనుకొందము. అప్పటి తడి ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. ఆగస్టులో 36 డిగ్రీల మధ్యాహ్నము తేమ నూటికి 70 పాళ్ళున్నచో తడి ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీలు. మొదటి దినమును గూర్చి రాష్ట్రమంతయు మాటలాడును. రెండవ దినమును గూర్చి ఎవరును మాటలాడరు. చెమట ఆరుట యను ఒక్క విషయమున మాత్రము రెండవ దినమే మిక్కిలి క్రూరమైనది. తడి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినచో ఆరోగ్యవంతుడు నీడలో ఊరక కూర్చున్నను కొన్ని గంటలకు మించి బ్రతుకజాలడని శాస్త్రజ్ఞులు సిద్ధాంతరీత్యా నిర్ణయించిరి. యువకులపై ఇటీవల జరిపిన ప్రయోగములు, శరీరము తన ఉష్ణోగ్రతను నిలుపుకొనజాలని స్థితి అంతకు ఎంతో ముందుగనే, 31 డిగ్రీల ప్రాంతముననే, ఆరంభమగునని చూపినవి.

ఈ జ్ఞానము క్రొత్తది కాదు, అది గనులలోనే పుట్టినది. 1905లో జాన్ స్కాట్ హాల్డేన్ అను బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు, ఇంగ్లండు నైరృతి మూలనున్న కార్న్‌వాల్ తగరపు గనులలోని వేడి తావులను పరిశీలించి, ఉష్ణమాపకపు మామూలు అంకెతో నిమిత్తము లేకుండ, గాలి నిలిచియున్న చోట తడి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటినంతనే మనుష్యుని దేహపు వేడి పెరుగసాగుననియు, గాలి వీచుచున్నచో ఆ హద్దు మరి కొన్ని డిగ్రీలు పైకి జరుగుననియు కనుగొనెను. మన దేశపు 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలును, వాని స్థానమున వచ్చిన 2017 నిబంధనలును ఈ సత్యమునే శాసనము గావించినవి: భూగర్భమున మనుష్యులు పనిచేయు ఏ తావునను తడి ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించరాదు, 30.5 డిగ్రీలు మించిన చోట సెకనునకు ఒక మీటరుకు తగ్గని వేగముతో గాలి ప్రసరించునట్లు ఏర్పాటు చేయవలెను. అందుకే ప్రతి భూగర్భ గనికిని ఫ్యాన్‌హౌసు, గాలి దారులు, వాని పర్యవేక్షణకు ప్రత్యేకాధికారులు, కొలతలకు పుస్తకము ఉన్నవి. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపు కోల్‌ఫిల్లరు శ్వాసించు గాలి ఒక అంకెకు కట్టుబడియుండుట కార్మికోద్యమమును, వైద్యశాస్త్రమును, శాసనమును కలిసి సాధించిన విజయములలో నొకటి.

అయితే ఆ విజయము సాధించిన నాటి గని నేటి గని కాదు. ఇప్పుడు సింగరేణి ఏటా తీయు సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గులో అత్యధిక భాగము ఓపెన్‌కాస్టుల నుండియే వచ్చుచున్నది. భూగర్భమున నుండిన శ్రమ క్రమముగా ఆకాశము క్రిందికి వచ్చినది. శాసనము మాత్రము భూగర్భముననే ఆగిపోయినది. లోతుగా త్రవ్విన ఓపెన్‌కాస్టు గుంతలో నాలుగు వైపుల మట్టిగోడలు గాలిని అడ్డగించును. నల్లని బొగ్గు పొర సూర్యరశ్మిని మ్రింగి వేడిని వెలిగ్రక్కును. అడుగున నిలిచిన వాన నీరు ఆవిరియై అక్కడనే తిరుగాడును. షావెల్ నడుపువానికిని, డంపరు డ్రైవరునకును యంత్రపు గది యొకటి యుండవచ్చును. డ్రిల్లు వద్దను, బ్లాస్టింగులోను, పంపుల వద్దను, హాల్‌రోడ్ల మీదను నిలిచి పనిచేయువారికి అదియు లేదు. 30.5 డిగ్రీల తడి ఉష్ణోగ్రతను భూగర్భములో ప్రమాద సూచనగా గుర్తించు శాసనము, అదే సంస్థలో, అదే షిఫ్టులో, కొన్ని వందల మీటర్ల ఎత్తున పనిచేయు మరొక కార్మికునకు అదే అంకెను ఎందుకు వర్తింపజేయదు? శరీరము ఒక్కటియే, రక్తము ఒక్కటియే. మారినది పని తావు మాత్రమే.

గని వెలుపలను ఇదియే స్థితి. ఓబీ కాంట్రాక్టులలో బొగ్గు మీది మట్టి తీయువారు, సైడింగుల వద్ద బొగ్గు లోడింగు చూచువారు, కాలనీలు ఊడ్చు స్త్రీలు, నస్పూరు చుట్టును పెరుగుచున్న భవనములకు ఇటుకలు మోయు అడ్డా కూలీలు, వీరిలో అధిక సంఖ్యాకులకు పనిలేని దినము కూలిలేని దినము. ఆషాఢ శ్రావణములలో మోకాలి లోతు నీటిలో వంగి వరి నాట్లు వేయు స్త్రీని తలచుకొనుడు: పైన ఎండ, క్రింద నీటి ఆవిరి, చుట్టును గాలి ఆడని పచ్చదనము. భాద్రపదమున పత్తి చేనులో కలుపు తీయు స్త్రీ పరిస్థితియు అట్టిదే. ఆమె సాయంకాలము తల తిరిగి పడిపోయినచో దానిని నీరసమందురు, రక్తహీనతయందురు, జ్వరమందురు. వడదెబ్బయని ఎవరును వ్రాయరు, ఏలనన అది వేసవి కాదు. ఆమె రాత్రి చేరుకొను ఇల్లు రేకుల కప్పుదైనచో, పగలు సేకరించిన వేడిని ఆ కప్పు తెల్లవారు వరకు దించుచునే యుండును. రాత్రి దేహము చల్లబడనిచో మరునాటి శ్రమకు అది సగము ఓడిపోయియే బయలుదేరును.

మన ప్రభుత్వ వ్యవస్థ ఈ బాధను ఎందుకు చూడలేకపోవుచున్నదో గ్రహించుట కష్టము కాదు. భారత వాతావరణ శాఖ నిర్వచనము ననుసరించి, మైదాన ప్రాంతములలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణము కంటె కనీసము 4.5 డిగ్రీలు అధికమైనప్పుడు, లేదా ఏకముగా 45 డిగ్రీలు తాకినప్పుడు వడగాలులను ప్రకటింతురు. 47 తాకినచో తీవ్ర వడగాలులు. ఈ కొలమానమున తేమకు స్థానము లేదు. కావున జూలై మొదలు అక్టోబరు వరకు నస్పూరులో ఎంత ఉక్క పోసినను అది నిర్వచనము లోపలికి రాదు. నిర్వచనము లోపలికి రానిది హెచ్చరికకు రాదు. హెచ్చరికకు రానిది వ్యయమునకు రాదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడగాలిని, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబములకు 4 లక్షల రూపాయల సహాయమును నిర్ణయించుట ప్రశంసనీయము. కాని మృత్యువు శ్రావణమున వచ్చినచో ఆ కుటుంబము ఏ కాగితము చూపవలెను? వాతావరణ శాఖ 2023 నుండి ప్రయోగాత్మకముగా వేడిమిని తేమను కలిపిన ఉష్ణసూచికను ప్రకటించుచుండుట ఈ లోపమును ఆ శాఖయే గుర్తించినదనుటకు నిదర్శనము. ఆ ప్రయోగము జిల్లా పరిపాలనకు ప్రమాణముగా మారినప్పుడే ప్రయోజనము సిద్ధించును.

ఇచట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. పొడి వడగాలియే ప్రాణాంతకమని అనుభవము చెప్పుచున్నది గదా, 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రములలో రెండు వేల మంది వరకు మరణించినది రోహిణి ఎండలోనే గదా, తడి కొలత ఆ ఎండను చిన్నదిగా చూపుట అపాయము కాదా యని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనది. కేవలము తడి ఉష్ణోగ్రత ప్రత్యక్షపు ఎండను లెక్కింపదు. పొడి గాలిలో దేహము కోల్పోవు నీటిని లెక్కింపదు. అందుచేతనే 1950ల దశకమున, అమెరికా మెరైన్ సైనికుల శిక్షణ శిబిరములలో వడదెబ్బలను అరికట్టుటకై, మూడు కొలతలను కలిపిన సూచిక యొకటి రూపొందినది: తడి ఉష్ణోగ్రతకు పదింట ఏడు పాళ్ళు, ఎండలో ఉంచిన నల్లని గోళము చూపు వేడికి రెండు పాళ్ళు, మామూలు ఉష్ణమాపకమునకు ఒక పాలు. ఆంగ్లాక్షరములలో డబ్ల్యూబీజీటీ యని పిలువబడు ఈ సూచిక నేడు అంతర్జాతీయ ప్రమాణము. ఇది రోహిణి ఎండను వదలదు, శ్రావణపు ఉక్కను మరువదు. మనము కోరునది ఒక కొలతను తీసివేసి వేరొకదానిని నిలుపుట కాదు. సగము సత్యమును పూర్తి సత్యము గావించుట.

పని నిలిపినచో ఉత్పత్తి ఏమగునన్నది రెండవ ఆక్షేపణ. దీనికి సమాధానమును ఉత్తర తెలంగాణ ప్రజలు గ్రంథములలో వెదుకనక్కరలేదు. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, మంచిర్యాల ప్రాంతముల నుండి వేలాది మంది యువకులు గల్ఫు దేశములకు వలసపోయి ఎండలో పనిచేయుచున్నారు. వారిలో ఖతారుకు వెళ్ళినవారికి 2021 నుండి ఒక రక్షణ కలదు: జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటల నుండి మధ్యాహ్నము 3.30 వరకు ఆరుబయట పని నిషిద్ధము. అదియు గాక, ఏ దినమైనను, ఏ వేళనైనను, ఆ మిశ్రమ సూచిక 32.1 డిగ్రీలు దాటినచో పని ఆపివేయవలెను. ఆ దేశమున కార్మికుల కష్టములు తీరిపోయినవని ఎవరును అనరు. చట్టము వేరు, ఆచరణ వేరు. ఐనను అన్న ఖతారులో కట్టడము మీద పనిచేయుచు ఒక అంకె రక్షణలో నుండగా, తమ్ముడు సొంత జిల్లాలో ఓపెన్‌కాస్టు అంచున ఏ అంకెయు లేక నిలుచుట మనకు గౌరవము కాదు. విశ్రాంతి లేక సొమ్మసిల్లిన కార్మికుడు, పట్టు తప్పిన డ్రైవరు, ప్రమాదముచే నిలిచిపోయిన షిఫ్టు, ఇవియును ఉత్పత్తికి నష్టములే.

కర్తవ్యములు సుసాధ్యములు. ఓపెన్‌కాస్టులన్నింటిలోను, సైడింగుల వద్దను ఈ మిశ్రమ సూచికను గంట గంటకు కొలిచి, మస్టరు జరుగు చోట ప్రకటించుట మొదటిది. గనులపై వేసవిలో మజ్జిగ, ఓఆర్ఎస్ పంచుట మంచి ఆచారమే. అది తారీఖును బట్టి కాక సూచికను బట్టి, అక్టోబరు వరకు సాగవలెను. సూచిక హద్దు దాటినప్పుడు గంటకు ఇంత విశ్రాంతియను నియమమును, నీడ, చల్లని గాలి గల విశ్రాంతి గదిని, ఆ విశ్రాంతి కాలమునకు కూలి కోత లేకుండుటను చట్టబద్ధము గావించుట రెండవది. ఇది పర్మినెంటు ఉద్యోగికి ఎంత వర్తించునో కాంట్రాక్టు కార్మికునకు అంతయు వర్తించనిచో వ్యర్థము, ఏలనన ఎక్కువ ఎండ భరించువాడు తరచుగా అతడే. మూడవది జిల్లా యంత్రాంగమునకు సంబంధించినది. రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండల మండలమున నిలిపిన స్వయంచాలిత వాతావరణ కేంద్రములు ఉష్ణోగ్రతతోపాటు తేమను ఇప్పటికే నమోదు చేయుచున్నవి; ఆ రెండింటిని కలిపి ప్రతి సాయంకాలము మరునాటి సూచన నిచ్చుటకు క్రొత్త యంత్రము అక్కరలేదు, కొన్ని గణితపు పంక్తులు చాలును. వరి నాట్ల వేళలను, ఉపాధి హామీ పని వేళలను, పాఠశాలల ఆటల వేళలను ఆ సూచన ననుసరించి మార్చుకొనవచ్చును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో వానకాలపు సొమ్మసిలుటలను వడదెబ్బ దృష్టితో పరీక్షించి నమోదు చేయుట నాలుగవది. నమోదు లేని బాధకు నివారణ యుండదు.

ఈ కోరిక రానురాను తీవ్రమగునే గాని తగ్గదు. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించెను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్ళు అధికముగా ఆవిరిని ధరింపగలదు. కావున భూతాపము పెరిగిన కొలది ఎండతోపాటు ఉక్కయు పెరుగును. ఎల్లంపల్లి జలాశయము నిండుట, సాగునీరు విస్తరించి వరి పెరుగుట రైతునకు వరములు. కాని నీరు నిలిచిన నేల ఆవిరినిచ్చు నేలయే యన్న సంగతిని మన ప్రణాళికలు గుర్తించవలసియున్నది.

ఈ విషయమున బొగ్గు బెల్టునకు మరొక నైతిక బంధము కలదు. ఇచ్చటి బొగ్గు పొరల క్రింద, తాల్చేరు శిలలలో, సుమారు ముప్పది కోట్ల సంవత్సరముల నాటి హిమానీనదములు మోసికొని వచ్చిన గుండ్రాళ్ళు కలవు. మంచు కరిగిన పిదప పెరిగిన చిత్తడి అడవులే ఈ బొగ్గు. ఆ అడవులు గాలి నుండి తీసికొని యుగయుగములుగా దాచిన కర్బనమును, నదికి ఆవలనున్న 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రములోను, ఈవలి జైపూరులోని సింగరేణి సంస్థవారి 1,200 మెగావాట్ల కేంద్రములోను మనము కొన్ని దశాబ్దములలో గాలికి తిరిగి ఇచ్చుచున్నాము. ఆ విద్యుత్తుతో హైదరాబాదు వెలిగినది, మోటార్లు నడచినవి, పరిశ్రమలు లేచినవి. దానిని నిందించుట కృతఘ్నత. రామగుండము జలాశయముపై 2022లో పూర్తియైన 100 మెగావాట్ల తేలియాడు సౌర కేంద్రమును, సింగరేణి నెలకొల్పిన సౌర కేంద్రములును భావికాలపు మార్గమును చూపుచున్నవి. అంతవరకు దేశమునకు వెలుగునిచ్చుటకై వేడిని ముందుగా భరించుచున్న ఈ లోయ ప్రజలకు ఆ వేడిని నిజాయితీగా కొలిచి చెప్పుట కనీస ఋణము.

హాల్డేన్ కనుగొన్న సత్యము నూరేండ్లకు పైబడినది, మన గనుల నిబంధన అరువదేండ్లకు పైబడినది, పరికరము ఖరీదైనది కాదు, లెక్క కఠినమైనది కాదు. సింగరేణి యాజమాన్యము, కార్మిక సంఘములు, గనుల భద్రతాధికారులు, నస్పూరులోనే కొలువుదీరిన జిల్లా పాలకులు ఒక బల్ల చుట్టు కూర్చున్నచో, రాబోవు మృగశిర నాటికే ఈ ప్రాంతము ఆరుబయటి శ్రమకు సూచికనుబట్టి రక్షణ కల్పించిన బొగ్గు క్షేత్రముగా నిలువగలదు. కార్మిక సంఘములు తమ తదుపరి కోరికల పత్రములో వేతనము సరసన ఈ అంకెను చేర్చవలెను. యాజమాన్యము దానిని వ్యయముగా గాక భద్రతగా స్వీకరింపవలెను. భూగర్భమున పనిచేయువానికి శాసనమిచ్చిన హక్కు, భూతలమున పనిచేయు ప్రతి స్త్రీకిని పురుషునకును సమానముగా దక్కవలెను.